అభ్యంతరం ఉన్నవారు లేచి నిలబడవచ్చు

అరవై ఒకటో ఏట కృపావరానికి పెళ్ళి మీద మనసైంది. అయితే అయింది, తప్పేముంది? ముప్పై మూడేళ్ళు ఆర్టీసీ బస్సులో కండక్టరుగా నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నాలుగేళ్ళ కిందట భార్య పోయాక ఇంట్లో మాట్లాడే దిక్కులేక గోడమీది క్యాలెండరుతో మాట్లాడుకుంటున్నాడు. పెళ్ళికూతురు దీనమ్మ వేజళ్ళపాడు బజార్లో జాకెట్లు కుడుతుంది. యాభై అయిదు దాటాయి, మొగుడు పోయి ఇరవై ఏళ్ళు. నోరు మాత్రం ఆమె కత్తెరకంటే పదును. "చెరో ఇంట్లో చెరో పొయ్యి వెలిగించి చెరో గ్లాసు బియ్యం ఉడకేసుకోవడం దేనికి? ఒక్క పొయ్యి చాలదా?" అని ముందు ఆమే అంది. ఆ మాటకి కృపావరం రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు, సంతోషంతో.

వేజళ్ళపాడు ఎర్రగుడిలో పెళ్ళి కావాలంటే ఒక పద్ధతుంది. వరసగా మూడు ఆదివారాలు ఆరాధనలో పాస్టరు తిమోతి అయ్యగారు వధూవరుల పేర్లు చదివి, "ఈ పెండ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉన్నయెడల లేచి నిలబడి చెప్పవచ్చు" అంటారు. అన్నాక ఓ క్షణం ఆగుతారు. ఎవరో దగ్గుతారు. తర్వాత పాట. గుడి కట్టి నూటపదేళ్ళయినా లేచినవాళ్ళు లేరు. ఎప్పుడో ఒకాయన లేచాడంటారు గానీ, అది ఫ్యాను కిందికి జరగడానికట.

ఈసారి మూడో ఆదివారం రాహేలమ్మ లేచింది.

రాహేలమ్మ స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. గంజిపెట్టిన తెల్లచీర, నల్లటి బైబిలు సంచీ, ఎవర్ని చూసినా తలకట్టు నుంచి చెప్పుల దాకా ఓసారి దిగి మళ్ళీ పైకెక్కే చూపు. "నాకుంది అయ్యగారూ," అంది. "పోయిన గురువారం ఈ దీనమ్మ క్యారియర్ పట్టుకుని ఆ కృపావరం ఇంట్లోకి పోయింది. తలుపేసుకున్నారు. నలభై నిమిషాలకి గానీ బయటికి రాలేదు. లోపల్నించి నవ్వులు కూడా వినపడ్డాయి."

నిద్రపోతున్న వాళ్ళు సైతం నిటారుగా కూర్చున్నారు. తిమోతి అయ్యగారికి ఆ ప్రశ్న అడగడం అలవాటే గానీ, దానికి జవాబు వినడం అలవాటు లేదు. ఆయన మెత్తని మనిషి. ఏం చెయ్యాలో తోచక సంఘ కార్యదర్శి ఓబద్యా మాస్టారి వైపు చూశారు. అదే పొరపాటు.

ఓబద్యా మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. హాజరుపట్టీలో ముప్పై ఏళ్ళు ఎర్రసిరాతో గైర్హాజర్లు వేసిన చెయ్యి, ఏడేళ్ళుగా ఖాళీగా ఉంది. ఆయన లేచి, కళ్ళజోడు సర్దుకుని, "సదరు అభ్యంతరము ప్రవర్తనకు సంబంధించినది అగుటచేత, తత్పరిశీలనార్థము ఒక విచారణ సంఘమును తక్షణమే నియమించుట సముచితము" అన్నారు. అని, ఎవరూ అడక్కముందే దానికి తానే కార్యదర్శిగా ఉండటానికి ఒప్పుకున్నారు.

మంగళవారానికల్లా 'ఎర్రగుడి ప్రవర్తన విచారణ సంఘం' అని రబ్బరు స్టాంపు వచ్చింది. బుధవారం నియమాలొచ్చాయి. నియమం ఒకటి: విచారణ ముగిసేదాకా పెళ్ళి లేదు. నియమం రెండు: తప్పును చూసి ఊరుకున్నవాడు, క్షమించినవాడు, ఆ తప్పులో భాగస్థుడు.

విచారణ సండేస్కూలు గదిలో పెట్టారు. అక్కడ చిన్నపిల్లల బల్లలు తప్ప వేరే లేవు. కృపావరం మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు కూర్చున్నాడు.

"క్యారియరుకు ఎన్ని గిన్నెలు?" అన్నారు మాస్టారు.

"మూడండి."

"మూడు గిన్నెలకు నలభై నిమిషములు. గిన్నె ఒక్కింటికి పదమూడు నిమిషముల పైచిలుకు. మితముగా భుజించు క్రైస్తవునకు ఇది అధికము కాదా?"

"ఎడం పక్కన పళ్ళు లేవండి మాస్టారూ. అంతా కుడిపక్కే నమలాలి."

"ఆ నవ్వు ఎవరిది?"

"ఇద్దరిదీనండి."

"సందర్భము?"

కృపావరం ఆలోచించాడు. ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. మాస్టారు 'సందర్భరహిత నవ్వు' అని రాసుకుని కింద గీత గీశారు.

అప్పటిదాకా పమిటచెంగు వేలికి చుట్టుకుంటూ ఊరుకున్న దీనమ్మ నోరు విప్పింది. "నాదో సందేహం మాస్టారూ. నలభై నిమిషాలని రాహేలమ్మ వదినకి ఎట్లా తెలిసింది? గోడవతల నలభై నిమిషాలు నిలబడితేనే గదా! మేమంటే అన్నం దగ్గరున్నాం. ఆవిడ దేని దగ్గరున్నట్టు?"

ఇంకెవరైనా అయితే ఆ మాటకి కేసు కొట్టేసి ఇంటికి పోదురు. ఓబద్యా మాస్టారు మాత్రం కొత్త పాఠం దొరికిన వాడిలా వెలిగిపోయారు. "శుభ్రమైన గుడ్డతోనే గదా బల్ల తుడవవలెను!" అన్నారు. నియమం మూడు అక్కడికక్కడే పుట్టింది. అభ్యంతరం చెప్పేవారి ప్రవర్తన ముందు నిష్కళంకమని తేలాలి. అందుకు వాళ్ళ పేరు కూడా మూడు ఆదివారాలు గుడిలో చదవాలి. వాళ్ళమీద అభ్యంతరం వస్తే, ఆ చెప్పినవాళ్ళ పేరూ చదవాలి.

"అంటే మా పెళ్ళి?" అన్నాడు కృపావరం.

"ఈ గొలుసు ఎక్కడ తెగునో, అక్కడ."

మళ్ళీ ఆదివారం రాహేలమ్మ పేరు చదివారు. ఓ క్షణం ఆగారు. ఎవరూ దగ్గలేదు. పాటల గుంపులో బొంగురుగొంతు అభిషేకం లేచి నిలబడ్డాడు. "రోజూ సాయంత్రం అయిదింటికి ఈవిడ ఒక్కతే బస్టాండుకెళ్ళి లంకల బస్సెక్కుద్ది. లంకల్లో ఈవిడకి చుట్టాలు లేరు. దిగదు కూడా. అదే బస్సులో తిరిగొస్తుంది. ఎవరి కోసం పోతుందో సంఘానికి తెలియాలి," అన్నాడు.

రాహేలమ్మ మొహం పాలిపోయింది. జవాబు లేదు గనుక 'నిలుపుదల' అని స్టాంపు పడింది. నిలుపుదలైనవాళ్ళకి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. వాళ్ళు వెనకబెంచీల్లోనే కూర్చోవాలి. తప్పు ఖరారైతే అయిదేళ్ళు అంతే, ఈలోగా చస్తే సంఘం సమాధుల దొడ్లో చోటు కూడా లేదు. ఆ చివరి ముక్కకి ముసలాళ్ళందరికీ గుండెల్లో రాయి పడింది.

ఆపైన అభిషేకం పేరు చదివారు. అతను ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో సినిమా పాటకి కాలితో తాళం వేశాడని డప్పులాయన చెప్పాడు. డప్పులాయన పేరు చదివితే ప్రసంగంలో గురకపెట్టాడని ఇంకొకరు. ఆ ఇంకొకరు మంచి శుక్రవారం నాడు ఏడవలేదు గానీ టీవీ సీరియల్లో అత్త పోతే ఏడ్చిందని వేరొకరు. ఆ వేరొకరు పొరుగింటి గుట్టంతా ప్రార్థన పేరుతో దేవుడికి పైకి వినపడేట్టు వివరంగా విన్నవించుకుంటుందని మరొకరు. అంటుకుంది, ఇక ఆరలేదు.

తిమోతి అయ్యగారు ఉండబట్టలేక ఒక ఆదివారం ప్రసంగం చేశారు. మన కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి కంట్లో నలుసు వెతుకుతామా అని, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పారు. అయిపోయాక ఓబద్యా మాస్టారు వచ్చి ఆయన చెయ్యి ఊపేశారు. "అయ్యగారూ, ఎంతటి ఉపయోగకరమైన వర్గీకరణ!" మరుసటి వారం నుంచి ఫారాల్లో రెండు గళ్ళు వెలిశాయి, 'నలుసు వర్గము', 'దూలము వర్గము' అని. నలుసుకి తెల్లకాగితం, దూలానికి పచ్చకాగితం.

చిత్రమేమిటంటే గుడికి హాజరు పెరిగింది. క్రిస్మస్‌కి తప్ప మొహం చూపించనివాళ్ళు కూడా ఆదివారం తెల్లారేసరికి తలస్నానం చేసి వచ్చి చోటు పట్టుకుంటున్నారు. పేర్లు చదివి అభ్యంతరాలు రాసుకునేసరికి మధ్యాహ్నం మూడయ్యేది. పాటలు తీసేశారు. ప్రసంగం తీసేశారు. ప్రభువు ప్రార్థన ఉంచుదామా అని చర్చ జరిగింది. మా అపరాధములు క్షమించుమనే ముక్క దగ్గర నియమం రెండు అడ్డొస్తుందని మాస్టారు సందేహపడ్డారు.

మూడో నెలకి వెనకబెంచీలు నిండిపోయాయి. నిలుపుదలైనవాళ్ళు గోడకి ఆనుకుని నిలబడుతుంటే, ముందు పది బెంచీల్లో ఏడుగురే కూర్చునేవాళ్ళు. అయ్యగారు కూడా పక్కింటివారి గృహప్రవేశంలో ప్రసాదం పులిహోర తిన్నారని నిలుపుదలైపోయారు. ప్రసంగ వేదిక ఎక్కకూడదు గనుక వెనకనించే పేర్లు చదివేవారు. ముందున్న ఏడుగురికీ మెడలు పట్టేశాయి. దాంతో బెంచీలన్నీ వెనక్కి తిప్పారు. తిప్పాక పాపులు ముందుకొచ్చారు, పరిశుద్ధులు వెనకబడ్డారు. దీనిమీద విచారణ సంఘం రెండు సమావేశాలు జరిపి, 'ముందు' అనగా 'వెనక' అని తీర్మానం రాసుకుంది.

మధ్యలో కృపావరం ఒకటికి నాలుగుసార్లు మాస్టారి ఇంటికెళ్ళాడు. "మాస్టారూ, నాకు అరవై రెండొస్తన్నాయి" అనేవాడు. "న్యాయమునకు వయసు లేదు" అనేవారు మాస్టారు. న్యాయానికి లేకపోవచ్చు గానీ కృపావరం మోకాళ్ళకుంది. దీనమ్మ క్యారియర్ తేవడం మానేసింది, ఎందుకొచ్చిన గోలని. కృపావరం మళ్ళీ క్యాలెండరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. క్యాలెండరు నవ్వేది కాదు.

ఆరో నెలలో రాహేలమ్మ కడుపుమంటతో ఒక పచ్చకాగితం నింపి ఇచ్చింది. ముద్దాయి ఓబద్యా మాస్టారు, నేరం చాడీలు రాయుట, సాక్ష్యం ఆయన చేత్తో రాసిన రెండు బండ రిజిస్టర్లు. నిలుపుదలైనవాళ్ళ మాట చెల్లదు గానీ, రిజిస్టర్ల సాక్ష్యం చెల్లుతుంది; మాస్టారు న్యాయం తప్పే మనిషి కాదు. సండేస్కూలు గదిలో తన ఎదట తనే కూర్చున్నారు.

"ఈ చేతివ్రాత తమరిదేనా?"

"నాదే."

"ఇందుమూలముగా ఎందరి గుట్టు బయటపెట్టితిరి?"

"నూట నలభై మందిది."

"తమకు చెప్పుకొనవలసినది ఏమైనా కలదా?"

మాస్టారు చాలాసేపు ఆలోచించి, "దస్తూరి బాగున్నది" అన్నారు. తర్వాత స్టాంపు తీసి తనమీద తనే వేసుకున్నారు. ఆ సాయంత్రం ఆయన నడకలో ఒక ఠీవి కనపడిందని చూసినవాళ్ళు చెప్పారు.

మర్నాడే ఆయన రిజిస్టర్లూ ఫైళ్ళూ ఆటోలో వేసుకుని కృపావరం ఇంటి ముందు దిగారు. దీనమ్మకి కూడా కబురంపి రప్పించారు. వాళ్ళిద్దరూ వింటుండగా నిలబడే చదివారు. "సంఘ సభ్యులు నూట నలభైముగ్గురు. నిలుపుదలైనవారు నూట నలభైయొక్కరు. అభ్యంతరము చెప్పిన రాహేలమ్మగారు నిలుపుదలైనందున, నియమము మూడు మేరకు మీపై గల అభ్యంతరము చెల్లదు. మీ వ్యాజ్యము నడుచుచున్నంతకాలము మీపై రెండవ ఫిర్యాదు స్వీకరించలేదు. కావున ఎర్రగుడిలో నిర్దోషులు మీరిద్దరే. అభినందనలు."

"అయితే పెళ్ళి చేసుకోవచ్చా?" అన్నాడు కృపావరం.

"వచ్చే బుధవారమే. అయితే నిర్దోషులే విచారణ సంఘముగా ఉండవలెను గనుక, మీరు ముందు ఈ నూట నలభైయొక్క ఫైళ్ళు పరిష్కరించవలెను. 'ఖరారు' అని సంతకము చేయుటయే. కొట్టివేసితిరా, నియమము రెండు మేరకు మీరును భాగస్థులు. మీకును నిలుపుదలే. పెండ్లి మరల మొదటికి." ఫైళ్ళు బల్లమీద పేర్చి, తన ఫైలు కూడా వరసలో ఉందో లేదో చూసుకుని, మాస్టారు వెళ్ళిపోయారు.

నిజం చెప్పొద్దూ, కృపావరానికి ముందు కమ్మగా అనిపించింది. ఆరునెల్లు తనని కాల్చుకుతిన్నవాళ్ళంతా కట్టగట్టుకుని బల్లమీద ఉన్నారు. పైనే రాహేలమ్మ ఫైలు. "రా అక్కా రా, నీకోసమే చూస్తన్నా" అని పెన్ను మూత తీశాడు. ఫైలు తెరిచి చదివాడు. సాయంత్రం అయిదు గంటలు, లంకల బస్సు, చేతిలో సంచీ లేదు, దిగదు, తిరిగొస్తుంది. పెన్ను అలాగే ఉండిపోయింది.

"ఏమైంది?" అంది దీనమ్మ.

"ఆ బస్సు నాకు తెలుసు దీనమ్మా."

"నీకు తెలియని బస్సేముంది ఈ జిల్లాలో?"

"అది కాదు. మా ఆవిడ పోయాక నేనూ ఎక్కేవాణ్ణి, రిటైరైనవాళ్ళ పాసుంది గదా. పొద్దంతా ఎట్లాగో గడుస్తుంది. అయిదింటికి పక్కిళ్ళలో కాఫీగ్లాసుల చప్పుడు మొదలవుద్ది చూడు, అప్పుడు ఇంట్లో ఉండలేం. బస్సెక్కితే ఎవరో ఒకరు కాస్త జరగమంటారు. టైమెంతని అడుగుతారు. ఎక్కడికీ పోవడానికి కాదు, మనుషుల పక్కన కూర్చోడానికి. ఈవిడ ముందు సీట్లో ఉండేది, నేను వెనక. రెండేళ్ళు ఒకర్నొకరు చూడనట్టు నటించాం. సిగ్గేసేది."

దీనమ్మ పమిటచెంగు వేలికి చుట్టుకుంది. "అయితే ఆ నలభై నిమిషాలూ..." అంది.

"మన నవ్వులు వింటా నిలబడిపోయింది. అంతకంటే ఏం లేదు."

దీనమ్మ ఆ ఫైలు తీసుకుని మూసింది. "ఆవిడంటే నాకు ఒళ్ళుమంట. ఆ మాట ఇప్పటికీ అంటా," అంది. "కానీ నేను మాత్రం సంతకం పెట్టను."

"పెట్టకపోతే పెళ్ళి లేదు దీనమ్మా! ఇంకెన్నాళ్ళు ఉంటానో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేను, నా వల్ల కాదు!" కృపావరం పెద్దగా అరిచాడు. అరిచి, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"ఇంతమందినీ సమాధుల దొడ్డి బయట పూడ్పించి, మనిద్దరం లోపల కాపరం పెడదామా?" అంది దీనమ్మ, నెమ్మదిగానే. "రేపు నీకు మోకాలు పట్టేస్తే పట్టుకునేదెవరు? నాకు జాకెట్లు ఇచ్చేదెవరు? అందరూ చెడ్డోళ్ళయిన ఊళ్ళో మంచోళ్ళుగా బతకడం నావల్ల కాదయ్యా."

కృపావరం పెన్ను మూత పెట్టేశాడు. ఆ మాట తనకే ముందు తట్టాల్సిందని కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది.

ఆదివారం గుడి కిక్కిరిసింది. కృపావరం లేచి, బెంచీల మధ్యకొచ్చి, బస్సు రాడ్డు పట్టుకున్నట్టు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "అందరికీ వందనాలు. నూట నలభైయొక్క ఫైళ్ళూ చూశాను. అన్నీ కొట్టేశాను."

ఓబద్యా మాస్టారొక్కరే లేచారు. "నియమము రెండు మేరకు..."

"తెలుసండి. నన్నూ రాసుకోండి."

"నన్ను కూడా," అని దీనమ్మ లేచింది. "నలభై నిమిషాలు కాదు, గంటన్నర. ఈయన గారి మీద నాకు ప్రేమ కూడా. అదీ రాసుకోండి, ఏ రంగు కాగితమైతే ఆ రంగు." గుడంతా చూస్తుండగా ఆమె నడిచి వెళ్ళి రాహేలమ్మ బెంచీ దగ్గర ఆగింది. "జరుగు వదినా." రాహేలమ్మ జరిగింది. దీనమ్మ కూర్చుని, గొంతు తగ్గించి, "ఇంకోసారి మా ఇంటిముందు నిలబడ్డావంటే ఊరుకోను. తలుపు కొట్టు. అన్నం ముగ్గురికి వండుతా," అంది. రాహేలమ్మ గంజిచీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆరేళ్ళ కిందట భర్త పోయిన రోజున కూడా అంత ఏడ్వనిది, వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇప్పుడు సంఘములో నిర్దోషి ఒక్కరును లేరు," అన్నారు మాస్టారు, చేతిలో ఫారాల కట్ట పట్టుకుని. "ఇవి ఎవరికి సమర్పించవలెను?"

తిమోతి అయ్యగారు లేచి, నిలుపుదలయ్యాక మొదటిసారి ప్రసంగ వేదిక మెట్లెక్కారు. పులిహోర తిన్న మనిషి అంత ధైర్యంగా ఎక్కడం ఎవరూ అనుకోలేదు. "బెంచీలు ఇటు తిప్పండి," అన్నారు. తిప్పారు. ఆయన కృపావరం, దీనమ్మల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు లేచి నిలబడవచ్చన్నారు. మాస్టారు సగం లేచారు. నిలుపుదలైనవాడికి అభ్యంతరం చెప్పే హక్కు లేదని తను రాసిన నియమమే గుర్తొచ్చి, కూర్చున్నారు. అయ్యో పాపం అని ఎవరో అన్నారు కూడా. తర్వాత పాట పాడారు. నెలల తరబడి పాడక శ్రుతి ఎటో పోయింది గానీ, గుడి కప్పు లేచిపోయేట్టు పాడారు.

బుధవారం పెళ్ళయింది. గుడి వెనక షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఓబద్యా మాస్టారు మాత్రం షామియానా గుంజ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. కృపావరం పెళ్ళిదండతోనే వెళ్ళి, "భోజనానికి రండి మాస్టారూ" అన్నాడు.

"నిలుపుదలైనవారితో సహపంక్తి దూలము వర్గము క్రిందకు వచ్చును," అన్నారు మాస్టారు. మాట గట్టిగానే ఉంది గానీ ముక్కు మాంసం వాసనవైపు తిరిగింది.

"నిలుపుదల కానివాళ్ళ పంక్తి వేరే వేయిస్తానండి, అదెంతసేపు. కాకపోతే అందులో మీక్కూడా చోటుండదు."

మాస్టారు ఆ విషయం కొంచెంసేపు అన్ని వైపుల నుంచీ పరిశీలించారు. చివరికి వచ్చి అభిషేకం పక్కన కూర్చున్నారు. వడ్డించేవాడు అభిషేకం విస్తట్లో పెద్ద మూలుగుబొక్క వేశాడు. మాస్టారి దగ్గరకొచ్చేసరికి గరిటెలో పులుసూ రెండు బంగాళాదుంప ముక్కలే మిగిలాయి. మాస్టారు తన విస్తరి చూసుకున్నారు. పక్క విస్తరి చూశారు. మళ్ళీ చూశారు, ఈసారి చాలాసేపు. పొరుగువాడిది ఆశించడం పదో ఆజ్ఞ కిందికి వస్తుందని ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? చెయ్యి అలవాటుగా జేబులో పెన్ను మీదికి పోయింది.

కాసేపు అక్కడే ఉండి, చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఒరే అభిషేకం," అన్నారు మాస్టారు, "అది నువ్వు తినేట్టయితే తిను, లేకపోతే ఇటు పడెయ్."